తోడు

“వదినగారూ, పాలు కాచి పెట్టాను, కాస్త తోడుంటే ఇస్తారా?” అంటూ మొన్న సాయంత్రం పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. తోడు వేస్తుంటే ఏవో కబుర్లు దొర్లాయి. మాటల మధ్యలో ఉన్నట్టుండి, “మీవాళ్ళు చేసే సేవ మంచిదే గానీ వదినగారూ, ఆఖరికి అదంతా మతంలో కలుపుకోవడానికే కదా!” అనేసింది.

ఆవిడ నన్ను నొప్పిద్దామని అన్న మాట కాదది. పన్నెండేళ్ళుగా గోడకి అటూ ఇటూ ఉంటున్నవాళ్ళం. మా క్రిస్మస్ అరిసెలు వాళ్ళింటికీ, వాళ్ళ ఉగాది పచ్చడి మా ఇంటికీ తప్పకుండా వస్తూనే ఉంటాయి. మనసులో ఉన్నది అడిగింది, అంతే. తోడైతే వేసి ఇచ్చాను గానీ, జవాబు మాత్రం ఇవ్వలేకపోయాను.

పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట “మిషను”. మిషను స్కూలు, మిషను ఆసుపత్రి, మిషను కాంపౌండు... మీలో కూడా చాలామంది మిషను ఆసుపత్రుల్లో పుట్టినవాళ్ళే అయ్యుంటారు. ఆ మాటకి లాటిన్‌లో “పంపడం” అని అర్థమట. కాలేజీలో ఎప్పుడో చదివి మరిచిపోయాను. శంషాబాద్‌లో కాపురం పెట్టాక మళ్ళీ గుర్తొచ్చింది.

ఎందుకంటే మాది సాగనంపే ఊరు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ ఇక్కడికి తరలివచ్చాయి. అప్పట్నుంచీ అమెరికా వెళ్ళే పిల్లలూ, పురుళ్ళు పోయడానికి వెళ్ళే అమ్మలూ, దుబాయిలో కూలికి వెళ్ళే కరీంనగర్, నిజామాబాద్ మగవాళ్ళూ, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళూ – అందరినీ ఇక్కణ్ణుంచే పంపుతున్నాం. 2017 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ సీరో మలబార్ క్రైస్తవుల కోసం ఒక కొత్త మేత్రాసనం ఏర్పాటుచేసి, దానికి కూడా శంషాబాద్ పేరే పెట్టారు. పేరు మా ఊరిదే గానీ, పెట్టినప్పుడు పరిధి ఎన్నో రాష్ట్రాలది. పంపించే పనికి ఇంతకంటే తగిన ఊరు దొరకదనుకున్నారో ఏమో!

సరే, అసలు సంగతికొస్తాను. నాకు జవాబు ఎందుకు రాలేదో చెప్పాలి.

ఆర్నెల్ల క్రితం మా చెల్లెల్ని విమానం ఎక్కించడానికి వెళ్ళాను. అది లోపలికి వెళ్ళిపోయింది. నేను కారు దగ్గరికి వస్తున్నాను. అక్కడ బండి ఎక్కువసేపు నిలపనివ్వరు, డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఇంతలో ఒకామె ఎదురొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టూ, ఏవో కాగితాలూ. “అక్కా, నేను కువైట్‌కు పోవల్ల. యా పక్కకు పోవల్లో రోంత చూసి చెప్పు” అంది. ఖద్దామా వీసా మీద మొదటిసారి వెళ్తోందట. తీసుకొచ్చిన ఏజెంటు గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోయాడు. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

“అక్కడ పోలీసు ఉంటాడమ్మా, అడుగు” అనేసి కారెక్కాను. ఒక్క నిమిషం పట్టే పని! పైగా ఆ ముందు ఆదివారమే స్త్రీల సమాజంలో సేవ గురించి నలభై నిమిషాలు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని.

కారు ఎక్కినా కదిలితేనా! ముందు బళ్ళ వరస. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. అక్కడ నేల తుడుస్తున్న ఒక పెద్దావిడ – నుదుట రూపాయి కాసంత బొట్టు – కర్ర స్తంభానికి ఆనించి, చేతులు కొంగుకి తుడుచుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది. “నాకు గూడ సదువు రాదు బిడ్డా. పా, ఇద్దరం వోయి అడుగుదం” అంది. చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళి, జవానుకి కాగితాలు చూపించి, ఆమె లోపలికి వెళ్ళి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది. తర్వాత వచ్చి మళ్ళీ కర్ర అందుకుంది.

చదువొచ్చిన నేను కార్లో ఉన్నాను. చదువు రాని ఆవిడ తోడు వెళ్ళింది.

ఆ రాత్రి లూకా సువార్త పదో అధ్యాయం తీశాను. చిన్నప్పట్నుంచీ మూడు వేరువేరు కథలుగా విన్నవి మూడూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయని అప్పుడే గమనించాను. మొదటిది, యేసు డెబ్బైమందిని ఇద్దరిద్దరిగా పంపడం. డబ్బు సంచీ వద్దు, జోలె వద్దు, చెప్పులు వద్దు అన్నాడు. (విమానానికి ముప్పై కిలోలు సరిపోవని పోట్లాడే మనకి ఇది కాస్త కష్టమే!) నోటితో చెప్పమన్న మాట కూడా అందులో ఉంది, లేదనను. కానీ వరస చూడండి. ముందు ఆ ఇంటికి శాంతి కోరాలి, వాళ్ళు పెట్టింది తినాలి, జబ్బుపడ్డవాళ్ళని బాగుచేయాలి. చెప్పడం ఆ తర్వాత.

రెండోది మంచి సమరయుని కథ. యాజకుడు తప్పుకుపోయాడు, లేవీయుడు తప్పుకుపోయాడు, పరాయివాడు ఆగాడు. గాయపడ్డవాడి మతమేమిటని అడగలేదు, తనదేమిటో చెప్పలేదు. విమానాశ్రయంలో నేను ఏ వేషం కట్టానో వేరే చెప్పాలా?

మూడోది మార్త కథ. పాపం, ప్రసంగాల్లో ఆవిణ్ణి ఎప్పుడూ తిడుతూనే ఉంటారు. అందరూ పాదాల దగ్గర కూర్చుంటే అన్నం ఎవరు వండుతారని మన ఆడవాళ్ళకి అనిపిస్తుంది. నాకూ అనిపించేది. ఇప్పుడు తోస్తోంది – ఆయన తప్పుపట్టింది వంటని కాదు, ఆ సణుగుడిని. నేను ఇంత చేస్తున్నాను, చెల్లెలు ఏమీ చెయ్యట్లేదు అన్న ఆ లెక్కని. చేసినదానికి లెక్క రాయడం మొదలుపెడితే అది సేవ కాదు, చిట్టా.

మా అమ్మమ్మ ఒంగోలు మనిషి. క్లౌ దొరగారి సంగతి కథలా చెప్పేది. 1876–78 కరువులో జనం మలమల మాడిపోతుంటే, ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కూలి ఇచ్చాడు, కూడు దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. ఆయన ఇవ్వలేదు! కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఆపేశాడు. సాయం పనులు ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజునే 2,222 మంది తీసుకున్నారు.

అమ్మమ్మ ఆ అంకె గర్వంగా చెప్పేది. నాకిప్పుడు ఆ అంకె కంటే అంతకు ముందు పదిహేను నెలలే గొప్పగా కనిపిస్తున్నాయి. కోరి వచ్చినదాన్ని కూడా, ఆకలి అడ్డం ఉందని పక్కన పెట్టడం మాటలా? అందరూ అలాగే చేశారని నేననను. అన్నం చూపించి మనిషిని కొనాలనుకున్నవాళ్ళు ఉంటే, అది వ్యాపారమే. మా పక్కింటావిడ అనుమానం ఊరికే పుట్టలేదు. దానికి నేను కోపం తెచ్చుకోకూడదు, నా చేతులు చూసుకోవాలి.

మర్నాడు గిన్నె తిరిగివ్వడానికి వచ్చినప్పుడు ఇదంతా ఆవిడకి చెప్పాను. విమానాశ్రయం సంగతి కూడా, దాచకుండా. “నిన్న మీకు తోడు వేశాను. పెరుగులో వాటా ఇస్తారని వేశానా? సేవంటే అంతే ఉండాలని నా ఆశ” అన్నాను.

ఆవిడ గడుసుది. “బాగానే ఉంది గానీ వదినగారూ, తోడు వేస్తే పాలు పెరుగైపోతాయి కదా! నా అనుమానం కూడా అదే!” అంది.

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వు ఆగాక నాకు తోచింది చెప్పాను.

“ఆవేళ తోడు పడింది నాకేనండీ. వేసింది ఆ బొట్టు పెట్టుకున్న పెద్దావిడ.”

ఇప్పుడు ఎవర్ని సాగనంపడానికి వెళ్ళినా ఓ అరగంట ముందే బయల్దేరుతున్నాను. డ్రైవర్ని పిలిచేదాకా దూరంగా ఉండమంటున్నాను. చేతిలో కవరు పట్టుకుని దిక్కులు చూసేవాళ్ళు రోజూ ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. నన్ను పంపింది ఎంతో దూరం కాదు. ఆ గేటు దాకానే.