వ్యాధి చిట్టా ఎవరి సొత్తు?

వర్తకుని ఇంట రెండింటికి ప్రత్యేక గౌరవము కలదు. ఒకటి లెక్కల పుస్తకము. రెండవది పరులు నమ్మి దాచుకొన్న సొమ్ము. చిట్టాలో అంకె దిద్దినవాడును, దాచమని ఇచ్చిన సొమ్మును వాడుకొన్నవాడును ఎంత ధనికులైనను బజారులో తల ఎత్తుకొనలేరు. నేడు రోగుల వివరములు కాగితముల నుండి కంప్యూటరు సాఫ్ట్‌వేర్‌లోనికి చేరుచున్నవి. ఈ క్రొత్త చిట్టా ఆసుపత్రి లెక్కల పుస్తకమా, లేక రోగి దాచుకొన్న సొమ్మా అనునది విచారింపదగిన ప్రశ్న.

చిట్టా వలన కలుగు మేలును కోలారు జిల్లా బాగుగా ఎరుగును. బంగారు గనులలో రాతిని తొలిచినవారి ఊపిరితిత్తులలో సన్నని రాతిపొడి చేరి సిలికోసిస్ వ్యాధి కలిగెడిది. 1940లో మైసూరు సంస్థానమున ఈ వ్యాధి నష్టపరిహారమునకు నిబంధనలు ఏర్పడినవి. 1940-46 నడుమ 7,653 మంది కార్మికులను పరీక్షింపగా నూటికి 40 మందికి మించి ఈ వ్యాధి కనిపించినది. దుమ్ము పీల్చిన నాడు ఇది తెలియదు. సాధారణముగా పది, ఇరువది ఏండ్లకు బయటపడును. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అటుపిమ్మట ఆయాసము ముదిరిన వృద్ధునకు, తాను ఏనాడు ఏ పనిలో ఉండెనో, ఎక్స్‌రేలో ఏమి కనిపించెనో తెలుపు పాత కాగితమే సాక్షి. దానిని చెదలు తిన్నచో అతని మాటకు ఆధారమేది?

నరసాపురపు స్థితి వేరైనను అవసరము అదే. అచ్చట 2013 నుండి మోటారు సైకిళ్లు, తరువాత సెల్‌ఫోన్లు తయారుచేయు కర్మాగారములు వెలసినవి. దూరప్రాంతముల యువతీ యువకులు పనికి వచ్చుచుందురు. ఇచ్చట జబ్బుపడినవారు కోలారులో చూపించుకొని, సొంత ఊరిలో మందు కొనసాగింపవలసి రావచ్చును. క్షయకు కనీసము ఆరు నెలలు మందు మానరాదు గదా! 2012లో కేంద్ర ప్రభుత్వము ప్రవేశపెట్టిన నిక్షయ్ సాఫ్ట్‌వేర్ ఇట్టి రోగులను కనిపెట్టి ఉండుటకే. రోగి ఊరు మారినను చికిత్స తెగదు. పోషణకై 2018లో ఆరంభమైన సాయము అతని ఖాతాకు చేరును.

కాని అదే చిట్టా పరుల చేతబడినచో? క్షయ ఉండినదని తెలిసి పని ఇయ్యనివారు, ఇల్లు అద్దెకియ్యనివారు, పెండ్లి సంబంధము తప్పించుకొనువారు ఉండవచ్చును. చీటీ పోయినచో ఒకరి గుట్టు పోవును. యంత్రములోని చిట్టా పోయినచో లక్షలమంది గుట్టు ఒక్కసారిగా పోవును. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై దొంగదాడి జరిగి, సుమారు రెండు వారములు పనులు చేతివ్రాతతో సాగినవి.

తత్త్వార్థసూత్రము సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో గుట్టు బయటపెట్టుట, కూటలేఖ వ్రాయుట, న్యాసమును అపహరించుట కలవు. ఇందొక విశేషము కలదు. గుట్టు బయటపెట్టినవాడు అబద్ధమాడలేదు, నిజమే చెప్పినాడు. అయినను దోషియే, ఏలయన ఆ నిజము అతనిది కాదు. రోగి వైద్యునికి తన శరీరపు సంగతి చెప్పుకొనుట నయమగుటకే. దానిని చికిత్సకు వాడుట ధర్మము. అడుగక మరియొక పనికి వాడుట న్యాసాపహారము.

అంటువ్యాధి మాటేమందురా? క్షయరోగిని గూర్చి ప్రభుత్వమునకు తెలుపుట 2012 నుండి వైద్యులకు విధి. ఇతరుల ప్రాణరక్షణకు కావలసినంత తెలుపుట ద్రోహము కాదు. కావలసినంత అనునదే హద్దు. ఆరోగ్యశాఖకు చేరవలసిన సంగతి కర్మాగారపు మేస్త్రీకి చేరనక్కరలేదు.

2021 సెప్టెంబరు 27న దేశమంతట ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆరోగ్య సంఖ్యను ఇచ్చుచున్నది. అందు చేరుట ఐచ్ఛికము. వివరములు రోగి సమ్మతితోనే పంచవలెనని నియమము. అయితే వడ్డీ ఎంతో చెప్పక నోటుపై వ్రేలిముద్ర వేయించుకొనుట ఎట్టిదో, ఎందుకో చెప్పక రోగి సమ్మతి పుచ్చుకొనుటయు అట్టిదే.

ధర్మాసుపత్రులకు విరాళములిచ్చు కుటుంబములు కంప్యూటరు కొనిచ్చునపుడు నాలుగు మాటలు అడుగుట మంచిది. ఈ చిట్టాను ఎవరు చూతురు? ఎందుకు చూతురు? ఎన్నాళ్లు ఉంచుదురు? రోగి అడిగినచో అతని ప్రతి అతనికి ఇత్తురా? సరియైన జవాబు దొరకిన పిమ్మటనే చెక్కు వ్రాయవచ్చును.