మిషనత్త నవ్వు

పెద్దకర్మ భోజనాల దగ్గర అందరూ ఒకే మాట అన్నారు. "ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది, పాపం." విస్తరి ముందు కూర్చుని నేనూ తలూపాను. ఇంటికొచ్చాక ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది. నవ్వుతూ బతికిన మనిషిని తలుచుకుని పాపం అనడమేమిటి?

జాలికీ, చేసిన తప్పుకీ మన భాషలో ఒకటే మాట ఉందని నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. పూర్వజన్మలో ఏం చేసుకుందో అని పైకి అననివాళ్ళు కూడా పాపం అంటూనే ఆ లెక్క ఒప్పేసుకుంటున్నారు. 1953లో రెండేళ్ళ పిల్లకి జ్వరం తగిలింది. మూడో రోజుకి కుడికాలు కదల్లేదు. పోలియోకి లోకంలో మొదటి టీకా వచ్చింది 1955లో. ఆ పిల్ల ఎవరికి ఏం బాకీ పడిందని?

కానీ నన్ను తొలుస్తున్నది ఆ నవ్వు సంగతి.

మా వీధి పిల్లలెవరికీ ఆవిడ అసలు పేరు తెలియదు. మిషను కుట్టే అత్త కాబట్టి మిషనత్త. కాలితో తొక్కేది కాదు, చేత్తో తిప్పే మిషను. కుడిచెయ్యి చక్రం మీద, ఎడమచెయ్యి గుడ్డ మీద, కళ్ళు మాత్రం వీధి మీద. "వదినా, పెద్దాడికి జ్వరం తగ్గిందా?" "ఏమే, పరీక్ష ఎలా రాశావు?" అరుగు దాటి పోయే ఎవరినీ పలకరించకుండా వదిలేది కాదు.

కుళాయి దగ్గర్నుంచి బిందె నీళ్ళు ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. బస్సు ఎక్కేటప్పుడు ఎవరో చెయ్యి అందించాలి. గుడి మెట్ల దగ్గర ఇంకెవరో ఆగాలి. రోజుకి పదిమంది చేతులు కావలసిన మనిషికి ఆ పదిమందిలో ఒక్కరి మీదైనా విసుక్కునే వీలుంటుందా? మా అమ్మ కోపమొస్తే వీధి వీధంతా దులిపేసేది. అమ్మని ముక్కుసూటి మనిషి అన్నారు. మిషనత్త అందులో సగం నోరు చేసుకుని ఉంటే, "బుద్ధి అలాంటిది కాబట్టే దేవుడు అలా చేశాడు" అని ఉండేవాళ్ళు. మన పురాణాల్లో నడుము వంగిన ఆడవాళ్ళంటే ఇద్దరే గుర్తొస్తారు, మంథర, కుబ్జ. ఒకతె కైకేయికి విషం నూరిపోసింది. ఇంకొకతె కృష్ణుడికి గంధం ఇచ్చింది. ఆయన ఆవిడ పాదాల మీద పాదం మోపి, గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి నిటారుగా నిలబెట్టాడు. కాస్త మంచీ కాస్త చిరాకూ కలిసిన మామూలు మనిషిగా బతకడానికి వాళ్ళకి ఆ కథల్లో చోటు లేదు. మిషనత్త రోజూ పొద్దున్నే గంధం గిన్నె పట్టుకునే అరుగు మీదికి వచ్చేదేమోనని నా అనుమానం.

ఆ అనుమానం పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. పల్స్ పోలియో మొదలైంది 1995లో. ఇది ఆ తర్వాత మూడేళ్ళకి, నేను పదో తరగతిలో ఉండగా. ఆదివారం బడి వరండాలో చుక్కలు వేస్తున్నారు. ఎవరూ పిలవకుండానే మిషనత్త పొద్దున్నే అక్కడికి చేరింది. బయటికొచ్చే ప్రతి బిడ్డ ఎడమచేతి చిటికెనవేలు పట్టుకుని, సిరా గుర్తు ఉందో లేదో చూసి గానీ పంపడం లేదు. ఒక పిల్లాడు నోరు తెరవనని మొరాయించాడు. వాళ్ళమ్మకి విసుగొచ్చి, "చుక్కలు వేయించుకోకపోతే ఇదిగో, ఈ అత్తలా అయిపోతావు" అంది. వరండాలో ఎవరూ మాట్లాడలేదు. మిషనత్త నవ్వింది. చీర కుచ్చిళ్ళు జానెడు పైకెత్తి కాలిపర్ చూపించి, "అవును నాన్నా, ఈ ఇనుము రోజూ మొయ్యాలి. ఏదీ, నోరు తెరువు" అంది. వాడు తెరిచాడు.

ఆ సాయంత్రం జాకెట్టు తెచ్చుకుందామని వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని కాలిపర్ విప్పుకుంటోంది. కాలికి రెండు పక్కలా ఇనప చువ్వలు, మోకాలి దగ్గర వాటి మీద జారే చిన్న చుట్లు. నిలబడితే ఆ చుట్లు కిందికి దిగి మోకాలు మడత పడకుండా పట్టుకుంటాయి. కూర్చోవాలంటే రెండిటినీ వేళ్ళతో పైకి లాగాలి. తోలు పటకా ఊడదీసింది. తొడ మీద అది పట్టిన చోట ఎర్రగా గాడి పడి ఉంది. దాని మీద కొబ్బరినూనె రాసుకుంటోంది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఏడుపూ లేదు, కోపమూ లేదు. కట్టేసిన కొట్టులా ఉంది. తలెత్తి నన్ను చూసింది. స్విచ్చి వేసినట్టు నవ్వు వచ్చేసింది. "రావే, హుక్సు ఒక్కటే మిగిలింది."

పాతికేళ్ళు దాటినా ఆ స్విచ్చి చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

అయితే ఆ నవ్వు అబద్ధమా? అలా అనుకున్నప్పుడల్లా ఆవిడకి ద్రోహం చేస్తున్నట్టుంటుంది. కిరాణా కొట్టాయన నవ్వితే ఎందుకు నవ్వాడని ఎవరమూ తరచి చూడం. ఒంట్లో బాగోకపోయినా ఇంటికొచ్చిన చుట్టాన్ని నవ్వుతూనే లోపలికి పిలుస్తాం, దాన్ని మర్యాద అంటాం. మిషనత్త నవ్వుకే నేనెందుకు సాక్ష్యాలు అడుగుతున్నాను? నడవలేని మనిషి ఊరికే సంతోషంగా ఉండలేదని నా లోపల ఎక్కడో గట్టిగా ఉండబట్టి కాదూ? ఇక పాపం అన్నవాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

2014 మార్చి చివర్లో, మన దేశంలో పోలియో పోయిందని ప్రకటించిన వార్త ఆవిడకి చదివి వినిపించాను. చివరిసారి వచ్చింది 2011 జనవరిలో, హౌరా జిల్లాలో ఒక చిన్నపిల్లకి అని ఉంది అందులో. ఆవిడ మిషను ఆపి అడిగింది: "ఆ పిల్ల నడుస్తోందా?" హౌరా పిల్ల వచ్చి ఆవిడకి బిందె నీళ్ళు తెచ్చిపెట్టేది లేదు. ఆ అడగడంలో లెక్కలేమీ లేవు. అప్పుడు ఆవిడ నవ్వనూ లేదు.

ఆ మరుసటి ఏడాది పింఛను కోసం సర్టిఫికెట్టు కావలసి వచ్చింది. నలభై శాతం వైకల్యం ఉందని డాక్టరు రాయాలి. సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. శిబిరం పై అంతస్తులో పెట్టారు. రెండో మెట్టు మీద ఆవిడ కాస్త తూలినట్టనిపించి, వెనకనుంచి జబ్బ పట్టుకుని పైకి ఎత్తబోయాను. నా ఊపుకి ఆవిడ పట్టు తప్పి గోడకి ఆనుకుంది.

"చెయ్యి తియ్యవే ముందు! అడక్కుండా ఎవరు పట్టుకోమన్నారు నిన్ను?"

మెట్ల మీద అందరూ మావైపు చూశారు. నాకు ముఖం చెల్లలేదు. ఆవిడ గోడ పట్టుకుని, ముందు ఎడమకాలు పైమెట్టు మీద పెట్టి, కుడికాలు లాక్కుంటూ ఒక్కో మెట్టే ఎక్కింది. నేను రెండు మెట్లు కింద, చేతులు ఏం చేసుకోవాలో తెలియక నడిచాను. ఇంత చేస్తే ఇదా అని ఆ కష్టం ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకున్నాను.

వీధిలో మరెవరికైనా ఆ గొంతు తెలుసా అని పెద్దకర్మ నాడు వాకబు చేశాను. ఎవరికీ తెలియదు. తను విసుక్కున్నా నేను మర్నాడు వస్తానని ఆవిడకి నమ్మకం ఉండి అంత మాట అందా? లేక ఆ క్షణాన ఓపిక అయిపోయి, ఎదురుగా నేను దొరికానా? మొదటిదే నిజం కావాలని నాకు ఆశ. ఆశ సాక్ష్యం కాదని కూడా తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇరవై నిమిషాలు నా పక్కన కూర్చుంది. ఆ కట్టేసిన కొట్టు ముఖమే. ఇల్లు వచ్చేదాకా మార్చుకోలేదు.