డాబా మీద అక్షయపాత్ర

మాఘ శుద్ధ సప్తమి. తెలతెలవారుతుండగానే గోదావరి రేవుల్లో, కాలవ గట్ల మీద, పెరటి నూతుల దగ్గర జనం నెత్తిన జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టుకుని స్నానాలు చేస్తారు. ఆ తర్వాత ఎండ పడే చోటు చూసి పిడకలు రాజేస్తారు. గిన్నెలో పాలు పొంగాక కొత్త బియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండుతారు. చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి చిన్న రథం కడతారు. చిక్కుడాకుల్లో వేడివేడి పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపిస్తారు. గొల్లల మామిడాడ సూర్యనారాయణమూర్తి గుడి ఆ రోజు ఇసుక వేస్తే రాలనంత జనంతో నిండిపోతుంది.

వాకిళ్లు ఇరుకైపోయాక ఈ పొయ్యి చాలా ఇళ్లలో డాబా ఎక్కింది. ఇప్పుడు అక్కడ మరొకరు కూడా చోటు అడుగుతున్నారు. దక్షిణానికి వాల్చి బిగించిన నల్లటి సోలార్ పలకలు ఎండ పడే జాగా అంతా పరుచుకున్నాయి. "పొయ్యి ఎక్కడ పెట్టమంటావే అమ్మాయ్?" అని అత్తగారు అడగడం, "పలకల మీద మసి పడుతుంది అత్తయ్యగారూ, కాస్త అటు పక్కకి జరుపుదాం" అని కోడలు సర్దిచెప్పడం ఈ డెల్టాలో ఏ ఇంట్లోనైనా వినిపించదగ్గ మాటలే. ఉన్నది ఒక్కడే సూర్యుడు. డాబాకి ఒక పక్క ఆయనకు నైవేద్యం పెడుతున్నారు, ఇంకో పక్క ఆయన దగ్గర రాబడి తీసుకుంటున్నారు. ఈ రెండు పనులకూ మధ్య ఏమైనా బంధం ఉందా?

ముందు రాబడి సంగతి. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకాన్ని తెచ్చింది. కోటి ఇళ్ల మీద పలకలు పెట్టించాలన్నది లక్ష్యం, అందుకు కేటాయించింది 75,021 కోట్ల రూపాయలు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లకైనా అంతకు మించినా 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టిస్తామని, బీసీలకు అదనంగా 20,000 ఇస్తామని ప్రకటించింది. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. సగటున రోజుకు 4 యూనిట్ల వరకు వస్తుంది. అంటే మూడు కిలోవాట్లు పెట్టించుకున్న ఇంటికి నెలకు 350 యూనిట్ల దాకా చేతికొస్తాయి.

ఆ లెక్క విలువ తెలియాలంటే బిల్లు చూడాలి. 2022 నుంచి అమలైన స్లాబుల్లో తొలి 30 యూనిట్లకు ఒక్కోదానికి 1 రూపాయి 90 పైసలు పడితే, 400 దాటిన ప్రతి యూనిట్‌కు 9 రూపాయల 75 పైసలు పడుతుంది. వీటి మీద సర్దుబాటు ఛార్జీలు అదనం. రోహిణి కార్తెలో ఉక్కపోతకు తాళలేక రాత్రంతా ఏసీ వేసుకున్న ఇల్లు పై స్లాబులోకి పడిపోతుంది. అలాంటి ఇంటికి పలకలు పెద్ద ఊరట. సంసారం చేసేవాడు ఖర్చు తగ్గించుకోవడం తప్పు కాదు. అర్థం కూడా పురుషార్థాల్లో ఒకటే. బిల్లు సున్నాకి వచ్చిందని సంతోషించే మాస్టారినో రైతునో చూసి స్వార్థం అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

అయితే బిల్లు వేరు, ఋణం వేరు. బిల్లు కాగితం మీద కనిపిస్తుంది, కట్టేస్తే తీరిపోతుంది. ఋణం అలా కనిపించదు. దేవతలిచ్చినదాన్ని తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి భగవద్గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు దొంగ అన్నాడు. అది చాలా గట్టి మాట. కానీ సూర్యుడికి మనిషి ఏం తిరిగి ఇవ్వగలడు? ఆయనకు ఏం లోటు? రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో పొద్దున్నే అర్ఘ్యం ఇచ్చేవాళ్లను గమనిస్తే జవాబు ఎటు ఉందో కొంత తెలుస్తుంది. గోదావరి నీళ్లే దోసిట్లోకి తీసుకుంటారు, సూర్యుణ్ణి తలుచుకుని మళ్లీ గోదావరిలోకే వదులుతారు. సూర్యుడికి అందింది ఏమీ లేదు. దోసిలి మాత్రం తెరుచుకుంది.

సూర్యుడు మనుషులకిచ్చిన రెండు కానుకల కథలు తెలుగువాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మొదటిది ఏటా వినాయక చవితినాడు అక్షతలు చేత్తో పట్టుకుని వినేదే. సత్రాజిత్తు సూర్యుణ్ణి మెప్పించి శమంతకమణి తెచ్చుకున్నాడు. అది రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. దాన్ని రాజుకివ్వమని కృష్ణుడు అడిగితే ససేమిరా అన్నాడు. ఆ మణి మెడలో వేసుకుని వేటకు వెళ్లిన తమ్ముడు ప్రసేనుడు సింహం వాత పడ్డాడు. చేయని నేరం కృష్ణుడి నెత్తిన పడింది. జాంబవంతుడితో రోజుల తరబడి యుద్ధం జరిగింది. భాగవతం ప్రకారం చివరికి ఆ మణి కోసమే సత్రాజిత్తు నిద్రలో హతుడయ్యాడు. చేతులు మారి మారి అది అక్రూరుడి దగ్గరికి చేరింది. ఆయన దానితో యజ్ఞాలు, దానాలు చేశాడు. అప్పటిదాకా రక్తం చూసిన మణి అక్కడ నెమ్మదించింది, కృష్ణుడు కూడా దాన్ని ఆయన దగ్గరే ఉండనిచ్చాడు.

రెండోది అక్షయపాత్ర. అడవికి వెళ్లిన ధర్మరాజు వెంట వచ్చినవాళ్లకు అన్నం ఎలా పెట్టాలో తోచక, ధౌమ్యుడు చెప్పినట్టు సూర్యుణ్ణి కొలిచాడు. పాత్ర దొరికింది. ఈ ఘట్టం ఉన్న అరణ్యపర్వ భాగాన్ని నన్నయ రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులోనే తెలుగు చేశాడు. ఆ పాత్రకు ఒక నియమం ఉంది. ద్రౌపది భోంచేసేవరకే అది వడ్డిస్తుంది. ఆమె తినడం అయ్యాక మళ్లీ మర్నాటిదాకా ఖాళీ. అందుకే అతిథులందరూ తిన్నాక, అన్నదమ్ములు తిన్నాక, ఆఖర్న ఆమె తినేది. పాత్రలో అన్నం తరగకపోవడం ఒక ఎత్తు, ఎవరు ముందు తినాలన్న వరుస ఇంకో ఎత్తు. సోలార్ పలకకూ రోజుకింతేనన్న హద్దు ఉంది. పొద్దు గుంకితే దాని పనీ అయిపోతుంది. మణిలా మెడలో వేసుకోవాలా, పాత్రలా పంక్తి మధ్యలో పెట్టాలా అన్నది మాత్రం ఇంటివాళ్ల చేతిలో ఉంది.

పంక్తి అన్నది ఇక్కడ ఉత్త ఉపమానం కాదు. మధ్యాహ్నం ఇంట్లో ఫ్యానూ ఫ్రిజ్జూ వాడుకోగా మిగిలిన కరెంటు నెట్ మీటరు గుండా వీధి లైన్లోకి వెళుతుంది. అది ఎక్కడో దూరానికి ప్రయాణం చేయదు. దగ్గర్లో ఎవరి స్విచ్ వేసి ఉంటే అటు పోతుంది. పక్క వాటాలో అద్దెకున్నవాళ్ల ఫ్యాను కావచ్చు, అంగన్‌వాడీలో బల్బు కావచ్చు, పంచాయతీ ట్యాంకు మోటారు కావచ్చు. మీటరు ఎంత పంపారో లెక్క రాస్తుంది, ఎవరికి చేరిందో రాయదు.

కొత్తగా పలకలు పెట్టించుకున్నవాళ్లను ఒక విషయం బాగా ఆశ్చర్యపరుస్తుంది. నడి మధ్యాహ్నం, నెత్తిన సూర్యుడు మండిపోతుంటాడు, పలకల నిండా వెలుగు. వీధిలో కరెంటు పోగానే ఆ ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోతుంది. "ఇంత డబ్బు పోసింది ఇందుకేనా?" అని చికాకు పడతారు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఇన్వర్టరు, లైన్లో కరెంటు లేదని పసిగట్టిన మరుక్షణం తానూ ఆగిపోయేలా తయారవుతుంది. అలా ఆగకపోతే ఇంటి నుంచి వెనక్కి పారే కరెంటు, మరమ్మతు కోసం స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. 1996 నవంబర్ 6 నాటి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు కొబ్బరిచెట్లు పడి తీగలు తెగి, ఊళ్లకు ఊళ్లు చీకట్లో మగ్గాయి. అలాంటి రోజుల్లో స్తంభాలెక్కే మనిషి ఎవరో ఇంటివాళ్లకు తెలియకపోవచ్చు. ఆ మనిషి కోసం తన వెలుగు తానే ఆపుకునే గుణం ఆ చిన్న పెట్టెలో పెట్టారు. దాన్ని లోపంగా చూసే ఇంటికీ, మర్యాదగా చూసే ఇంటికీ చాలా తేడా ఉంది.

ఎదుటివాళ్ల కోసం ఆగే ఈ మర్యాద అవసరం డెల్టాకు కొత్తది కాదు. 1847లో మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక, గోదావరి నీళ్లు కాలవల్లో పారి లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి. ఈ ప్రాంతపు పండితులు ఆయన్ని భగీరథుడితో పోల్చి శ్లోకం కట్టుకున్నారు. కానీ నీళ్లొచ్చినంత మాత్రాన న్యాయం దానంతటదే రాలేదు. ఎగువ రైతు తూము పెద్దది చేసుకుంటే శివారు భూమి ఎండిపోతుంది. నీటి వంతుల మీద తగాదాలు, పెద్దమనుషుల పంచాయితీలు, రాత్రుళ్లు గట్టు మీద కాపలాలు ఇక్కడి ప్రతి ఊరికీ తెలుసు. దాళ్వాకు నీళ్లు చాలనప్పుడు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్ల కోసం రైతులు ఎదురుచూస్తారు. అక్కడ కరెంటు తీసిన నీళ్లే శబరిలో, గోదావరిలో కలిసి ధవళేశ్వరం చేరి చేలల్లోకి పారతాయి. తీగకూ కాలవకూ చుట్టరికం ఈ నేలకు బాగా తెలుసు.

కాలవకున్నట్టే తీగకూ శివారు ఉంది. ఎండ అందరిదీ, డాబా కొందరిది. తాటాకింట్లో ఉండేవాళ్లు, అద్దె వాటాలో ఉండేవాళ్లు, ఎవరిదో తెలియని అపార్ట్‌మెంట్ మేడ కింద ఉండేవాళ్లు పలకలు ఎక్కడ పెట్టించుకుంటారు? స్తంభాలకూ తీగలకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ అయ్యే ఖర్చు మాత్రం ఎవరో ఒకరు మోయాలి. ఉన్నవాళ్ల బిల్లులు సున్నాకి దిగుతున్నకొద్దీ ఆ బరువు డాబా లేనివాళ్ల మీదికి జారే ప్రమాదం ఉంది. సూర్యుడు మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా ఒక్కలాగే ఉదయిస్తాడని ఏసు చెప్పిన మాట పంతొమ్మిదో శతాబ్దం నుంచీ నరసాపురం మిషన్ ద్వారా ఈ డెల్టా చెవిన పడుతూనే ఉంది. ఉదయించడంలో తేడా లేదు. తేడా అంతా మనం కట్టుకున్న కప్పుల దగ్గరే వస్తోంది.

బిల్లులో కనిపించని ఇంకో పద్దు కూడా ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలింది. విద్యుత్ కేంద్రానికి వెళ్లే గ్యాస్ అది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఏ ఊళ్లోనో ఫ్యాను తిరగడానికి కోనసీమలో ఒక ఊరు ఆ వెల చెల్లించింది. డాబా మీద పలక పెట్టిన ప్రతిసారీ అలాంటి పద్దు కొంత తగ్గుతుంది. సబ్సిడీ లెక్కల కంటే ఇది పెద్ద కారణం.

కాకపోతే ఒక షరతు ఉంది. ఖర్చు తగ్గితే వాడకం పెరుగుతుంది. బొగ్గును పొదుపుగా మండించే యంత్రాలొస్తే బొగ్గు వాడకం ఇంకా పెరుగుతుందని ఇంగ్లండ్‌లో విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే వాదించాడు. నెయ్యి పోస్తే మంట ఆరనట్టే, అనుభవించేకొద్దీ కోరిక తీరదని యయాతి మహారాజు తెలుసుకున్నది అంతకు ఎన్నో తరాల ముందు. బిల్లు సున్నా అయిందని రెండో ఏసీ కొన్న ఇల్లు రాత్రి ఎవరి కరెంటు వాడుతుంది? పొద్దు గూకాక పలకలు ఏమీ ఇవ్వవు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఊరంతా ఒకేసారి స్విచ్‌లు వేస్తుంది. ఆ వేళ బొగ్గు మండాలి, సీలేరు నీళ్లు దిగాలి. మోటారు, వాషింగ్ మెషీను, ఇస్త్రీపెట్టె పనులు పగలే ముగించుకుని, సాయంత్రం చెయ్యి బిగపట్టుకోవడం పలకలున్న ఇల్లు పాటించగల వంతు.

వరుసలో చెట్టు కూడా ఉంది. కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకు అంటారు. ఒక్క మట్ట నీడ పలక అంచున పడితే, దాంతో వరుసగా కలిపిన పలకల రాబడి కూడా పడిపోవచ్చు. చెట్టు కొట్టించేద్దామన్న ఆలోచన అక్కడే పుడుతుంది. కానీ ఆ మట్ట చేస్తున్నదీ ఎండను పట్టి అన్నం చేయడమే. పలకల కంటే ఎన్నో కోట్ల ఏళ్ల ముందు నుంచీ చేస్తోంది. పలకల చట్రం ఎత్తు పెంచడమో, నీడ పడని మూలకు జరపడమో, ఒక పలక తగ్గించుకోవడమో చేస్తే పెద్దకొడుకూ ఉంటాడు, కరెంటూ వస్తుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండలో పలకలు ఎక్కువ ఇస్తాయనుకోవడం కూడా పొరపాటే. 25 డిగ్రీలు దాటి పలక వేడెక్కేకొద్దీ రాబడి తగ్గుతుంది.

సూర్యుడి వేడితో అందరికీ అన్నం పెట్టడం పురాణాల్లోనే ఆగిపోలేదు. 2002లో తిరుమలలో 106 అద్దాల గొడుగులతో ఎండను ఒడిసిపట్టి, ఆ ఆవిరితో రోజుకు 15,000 మందికి వండే ఏర్పాటు చేశారు. ఇక ఈ డెల్టాకు అక్షయపాత్ర అంటే గుర్తొచ్చేది డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురం చేసి, 1909లో కన్నుమూసేవరకు ఆమె వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. వరద లంకల్లో చిక్కుకున్నవాళ్లకూ ఆ ఇంటి అన్నం అందిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె దగ్గర మణీ లేదు, సూర్యుడిచ్చిన పాత్రా లేదు. ద్రౌపది పాటించిన వరుస మాత్రం ఉంది.

మళ్లీ ఆ డాబా మీదికి వెళితే, పిడకలు బూడిదయ్యాయి. కోడలు పలకల మీద పడిన నుసిని తడిగుడ్డతో తుడిచింది. మధ్యాహ్నం పన్నెండైంది. ఇంట్లో ఎవరూ ఇంకా భోజనానికి కూర్చోలేదు. అత్తగారు చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి, పిట్టగోడ మీద నుంచి పక్క వాటావాళ్ల పాపకు అందిస్తున్నారు. కింద గోడకున్న మీటరులో బయటికి వెళ్లిన యూనిట్ల అంకె నెమ్మదిగా మారుతోంది. పక్క వాటాలో ఫ్యాను తిరుగుతోంది.