బదరీవృక్షము క్రింద నుండి పనికి

బస్తరు ప్రాంతమున, బీజాపూరు జిల్లాలో, బాసగూడ నుండి జగర్‌గుండకు పోవు దారిలో తర్రెం అను గ్రామమున్నది. 2021 ఏప్రిల్ 3న ఆ పరిసరముల అడవిలో మావోయిస్టులకును భద్రతా దళములకును జరిగిన పోరులో 22 మంది జవానులు మరణించిరి. ముప్పదిమంది వరకు గాయపడిరి. చెరపట్టబడిన ఒక జవాను ఏప్రిల్ 8న విడుదలయ్యెను. తరువాత తర్రెం పేరు పత్రికలలో అరుదైపోయెను. అయితే బ్రదికి బయటపడినవారికి కొలువు మిగిలియే యుండెను. గ్రామస్థులకును అంతే. 2005 తరువాతి హింసలో ఈ ప్రాంతపు కుటుంబములనేకములు సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లాకు వలసవచ్చెను. మిగిలినవారికి తునికాకు కోయుటకు, ఇప్పపువ్వు ఏరుటకు ఆ అడవి తప్ప వేరు చోటు లేదు. ఏండ్ల తరబడి మూతపడిన బస్తరు బడులు రెండు వందలకు పైగా 2022లో మరల తెరువబడినప్పుడు, పిల్లలకును పంతుళ్లకును అవే దారులు.

భయముచే గాయపడినవాడు మరల పనికి పోవలెనా? పోవలసినయెడల, అతనిని పంపువారు అతనికేమి ఋణపడియున్నారు?

తర్రెంలో భయమునకు కారణము కంటికి కనబడును. గుంటూరులోనో సికింద్రాబాదులోనో ఒక గుమాస్తాకు కచేరి మెట్లెక్కగానే గుండె దడదడలాడును, ఊపిరాడదు, ప్రాణము పోవుచున్నదని తోచును. అక్కడ తుపాకి లేదు. ఉన్నదెల్ల పదిమంది చూపులు. అయినను దేహము రెండు చోట్లను ఒకే రీతిగా వణకును. దడ, గాభరా, బెదురు అని మనము చెప్పుకొను మాటలు స్వభావపు లోపమును సూచించునట్లు వాడబడుచున్నవే గాని రోగమును సూచించునట్లు కాదు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథమున పానిక్ డిజార్డర్, సోషల్ ఫోబియా అని వీటికి వేరువేరు పేర్లు పెట్టెను. గుండెజబ్బు కాదని వైద్యుడు పరీక్షించి తేల్చిన తరువాత తెలియవలసినది ఇది: దేహమందలి అపాయపు గంట అపాయము లేకయే మ్రోగుచున్నది. అది కొన్ని నిమిషములలో శిఖరమునకెక్కి దిగిపోవును. కాని రోగి ఆ గుండెవేగమునే మరణచిహ్నముగా ఎంచును. ఆ తలంపుతో గుండె మరింత పరుగెత్తును. మెట్లు దిగి ఇంటికి పోగానే హాయి కలుగును. ఆ హాయియే మరునాడు ఆ మెట్లను మరింత ఎత్తు చేయును.

ఇట్టివానితో సంఘస్థులు తరచుగా చెప్పునదేమి? విశ్వాసము చాలలేదని. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయమును చూపుదురు. అక్కడ పౌలు చింతను నిషేధించుచున్నాడు. అయితే అదే పత్రిక రెండవ అధ్యాయమున తిమోతి ఆ సంఘమును గూర్చి శ్రద్ధ వహించుటను మెచ్చుకొనుచు పౌలు వాడిన గ్రీకు క్రియ సరిగా ఆ చింత అను క్రియయే. కొరింథునకు తాను వచ్చినప్పుడు భయముతోను వణకుతోను ఉన్నట్లు అతడే ఒప్పుకొనెను. కాబట్టి ఒక వచనమును కర్రగా పట్టుకొని రోగిని కొట్టువారు ఆ వచనమును పూర్తిగా చదివినవారు కారు.

ఏలీయా కథలో మరింత సూక్ష్మమైన సంగతి యున్నది. యెజెబెలు బెదిరింపు విన్న తరువాత అతడు ‘చూచి’ పారిపోయెనా, ‘భయపడి’ పారిపోయెనా? హెబ్రీలో రెండింటికిని హల్లులు ఒక్కటే. అచ్చులు గుర్తించిన పండితులు ‘చూచెను’ అని చదివిరి. ప్రాచీన గ్రీకు అనువాదకులు ‘భయపడెను’ అని చదివిరి. ప్రవక్తకు భయమంటగట్టుటకు మొదటివారు జంకిరేమో! ఏది చదివినను, బదరీవృక్షము క్రింద చావు కోరుకొనుచున్న మనిషికి దూత ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చెను, నిద్రపోనిచ్చెను, మరల లేపి భోజనము పెట్టెను. ప్రయాణము అతని శక్తికి మించినదని చెప్పెను. ఇక్కడ ఎందుకున్నావను ప్రశ్న హోరేబులో గాని రాలేదు. పని అప్పగింపు ఆ తరువాతనే.

ఆ క్రమమును తలక్రిందులు చేసినయెడల ఏమగునో విలియం కూపరు జీవితము చూపును. 1763లో అతనికి ఇంగ్లండు ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగము దొరకనుండెను. అందుకు సభ యెదుట పరీక్షకు నిలువవలసివచ్చెను. ఆ నిలుచుట తలంచుకొని అతడు ఆత్మహత్యకు యత్నించెను. ఆ ఉద్యోగమునకు అతడెన్నడును పోలేదు. ఏడాదికి పైగా వైద్యుని ఆశ్రయమున గడిపెను. రోగము పూర్తిగా వదలకయే జాన్ న్యూటనుతో కలిసి 1779లో ఓల్నీ కీర్తనలను ప్రచురించెను, పిదప హోమరును అనువదించెను. అతడు పనికి తిరిగివచ్చెను; వేరొక పనికి.

మెల్లమెల్లగా, వైద్యుని సలహాతో, మొదట అరపూట, తరువాత పూర్తిదినము తిరిగిపోవుట మంచిది. ఎల్లకాలము తప్పించుకొనుట భయమునకు మేత. అయితే ఆ మెల్లదనమునకు తావిచ్చు బాధ్యత యజమానునిది. వణకు చేతికి తుపాకి ఇచ్చుట తోటివారికి అన్యాయమని వాదింపవచ్చును, వాదము సరియైనదే. 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు కేంద్ర రిజర్వు పోలీసు దళపు అధికారి వ్యాజ్యములో దీనికి మార్గము చూపెను: మానసిక రోగమున్న ఆ ఉద్యోగి తన పనికి తగడని తేలినయెడల, అతనిని వేరు పనికి మార్చుచు జీతమును ఉద్యోగ షరతులను కాపాడవలెను, ఆయుధము అప్పగింపకుండ జాగ్రత్తపడవచ్చును. తొలగింపు, నిర్దయ, ఈ రెండే దారులు కావని న్యాయస్థానము గ్రహించినది. సంఘములు దీనిని ఇంకను నేర్చుకొనలేదు. నలుగురిలో నోరు విప్పలేని యువకుని లేపి సాక్ష్యము చెప్పుమనుట భక్తిగా ఎంచువారు నేటికిని కలరు.

హోరేబులో ఏలీయాకు మూడు పనులు ఒప్పగింపబడెను: హజాయేలునకు, యెహూకు, ఎలీషాకు అభిషేకము చేయుట. అతడు తిరిగివచ్చి చేసినది చివరిదొక్కటే. పండ్రెండు అరకలతో దున్నించుచున్న ఎలీషా మీద తన దుప్పటి వేసెను. రాజ్యము నీదగునని హజాయేలుతో చెప్పినవాడు ఎలీషా. యెహూను అభిషేకించినవాడు ఎలీషా పంపిన ఒక యౌవన శిష్యుడు. మిగిలిన రెండును ఏల చేయలేదని ఏలీయాను ఎవరైన అడిగినట్లు రాజుల గ్రంథములలో ఎక్కడను లేదు.