కథ వేరు, ఖజానా వేరు

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా గోదావరి వెంట ముప్పై అయిదు కిలోమీటర్లు పోతే పర్ణశాల. బంగారు లేడి, జోలె పట్టిన మాయా సన్యాసి అక్కడ రంగులు పూసిన బొమ్మలై కనిపిస్తారు. వాగు దగ్గర రాళ్ల మీది చారలు చూపించి, సీతమ్మ చీర ఆరేసుకున్న గుర్తులివే అంటారు. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకలో జటాయువు నేలకూలాడట. 2014లో ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది గానీ, భద్రాద్రి యాత్రికులు చెప్పుకునే కథలోంచి మాత్రం పోలేదు. ఇదే గోదావరికి ఎగువన నాసిక్‌లో పంచవటి ఉంది. సీతాపహరణం తమ దగ్గరే జరిగిందని అక్కడివాళ్ల నమ్మకం. కథ మాదంటే మాదని పర్ణశాల, పంచవటి ఒకదాని నోరు ఒకటి నొక్కలేదు.

అమెరికాలో మాత్రం ఇలాంటి తగవు కోర్టుకెక్కింది.

స్టార్ ట్రెక్, స్టార్ వార్స్ లాంటి సైన్స్ ఫిక్షన్ కథలను గుండెల్లో పెట్టుకున్న అభిమానులు వాటిని తమకు తోచినట్టు తీసుకునే సినిమాలను ఫ్యాన్ ఫిలింలంటారు. స్టార్ వార్స్ వచ్చిన మరుసటి ఏడాదే, 1978లో, ఇంట్లో వాడే సామాన్లను అంతరిక్ష నౌకలుగా చూపిస్తూ 'హార్డ్‌వేర్ వార్స్' అనే చిన్న సినిమా వచ్చింది. 2010లో వందల మంది అభిమానులు మొదటి స్టార్ వార్స్ సినిమాను పదిహేను సెకన్ల ముక్కలుగా పంచుకుని, ఎవరి ముక్క వాళ్లు తీసి, అన్నీ కలిపి అతికారు. దానికి ఎమ్మీ అవార్డు దక్కింది. స్టార్ ట్రెక్ అభిమానులు 2014లో 'ప్రెల్యూడ్ టు అక్సనార్' తీశారు. అది చూసి మురిసిన జనం పూర్తి సినిమా కోసం పది లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చారు. 2015 డిసెంబరులో స్టార్ ట్రెక్ హక్కులున్న పారమౌంట్, సీబీఎస్ సంస్థలు దాని మీద దావా వేశాయి. స్టార్ ట్రెక్ కథలోని క్లింగాన్ల భాష కూడా తమ సొత్తేనని వాదించాయి. ఆపై 2016 జూన్‌లో అభిమానులకు నియమావళి వచ్చింది: సినిమా పదిహేను నిమిషాలు దాటకూడదు, భాగాలుగా తీస్తే రెండుకు మించకూడదు, చందాలు యాభై వేల డాలర్లు దాటకూడదు, పనిచేసినవాళ్లెవరూ డబ్బు తీసుకోకూడదు. 2017 జనవరిలో రాజీ కుదిరింది.

ఇది వకీళ్ల వ్యవహారమని వదిలేయడానికి లేదు. 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో 3,90,127 మంది తమ మతం స్టార్ వార్స్ కథలోని జెడై అని రాయించుకున్నారు. అందులో సరదాకు రాసినవాళ్లు చాలామందే ఉన్నా, ఒక కథను అంతగా తమదనుకోవడం చిన్న విషయం కాదు. ఒకరి కథను మరొకరు ప్రాణంగా ప్రేమిస్తే, ఆ ప్రేమ వల్ల కథ మీద ఏమైనా హక్కు వస్తుందా? ఇది భక్తికి సంబంధించిన ప్రశ్న. ఖమ్మం సీమలో దీనికి మూడు వందల ఏళ్ల పైబడిన జవాబుంది.

నేలకొండపల్లివాడైన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారు. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ కొలువులో చక్రం తిప్పినవాళ్లు. పోకల దమ్మక్క పందిరి కింద కొలుచుకుంటున్న రాముడికి గోపన్న గుడి కట్టించాడు, నగలు చేయించాడు. అందుకు సర్కారుకు చేరాల్సిన శిస్తు ఖర్చయింది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అతన్ని గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్ల చెర తర్వాత రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలనే బంట్లుగా వచ్చి, తానీషాను నిద్రలేపి, బాకీ చెల్లించి రసీదు పుచ్చుకున్నారని జనం చెప్పుకునే కథ.

ఈ కథ కట్టినవాళ్ల ధర్మబుద్ధిని ఎంత మెచ్చుకున్నా చాలదు. గోపన్న మీది ప్రేమతో వాళ్లు ఆ బాకీని తేలిగ్గా మాఫీ చేయించి ఉండొచ్చు. తానీషాను రాక్షసుణ్ని చేసి, కోట గోడలు కూలగొట్టి, భక్తుణ్ని విడిపించి ఉండొచ్చు. అలా చేయలేదు. సాక్షాత్తూ దేవుడే వచ్చి లెక్క కట్టి పైకం అప్పజెప్పాడు. భక్తి ఎంత గొప్పదైనా ప్రజల సొమ్ముకు జవాబు చెప్పాల్సిందేనని ఆ కథ ఒప్పుకుంది. ఆ తర్వాత తానీషా సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడంటారు. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున తలంబ్రాలు తెచ్చే ఆచారం నేటికీ నడుస్తోంది.

డబ్బు దగ్గర ఇంత పట్టింపున్న సంప్రదాయం, కథ దగ్గర చేయి ఎంత వదులుగా ఉంచిందో చూడండి. రామదాసుగా మారిన గోపన్న రాముణ్ని నిలదీశాడు, నగల ఖర్చులు ఏకరువు పెట్టాడు, తిట్టి మళ్లీ మన్నించమన్నాడు, సీతమ్మను సిఫారసు అడిగాడు. ఇలా పాడటానికి నీకు అధికారం ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. లక్ష్మణరేఖ వాల్మీకి గీసింది కాదు, తర్వాతివాళ్లు గీసింది. వాల్మీకి ఊర్మిళను తలచుకున్నది చాలా తక్కువ. తెలుగు ఆడవాళ్లు మాత్రం ఆమెకు 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాటే కట్టారు. పద్నాలుగేళ్ల తర్వాత భర్త వచ్చి పలకరిస్తే, నిద్రమత్తులో ఆమె పోల్చుకోలేక పరాయి మగాడనుకుని హడలిపోతుంది. మూలంలో మూలన కూర్చున్న పాత్రను ముందుకు తెచ్చి, ఆమె బాధను తమ బాధగా చెప్పుకోవడమే ఆ పాట చేసిన పని. ఈనాటి అభిమానులు కెమెరాతో చేస్తున్నదీ అదే. ఆ పాట కట్టిన తల్లుల పేర్లు కూడా మిగల్లేదు.

రామకథను ఇలాగే చెప్పాలని పట్టుబట్టేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. వాళ్లు భద్రాద్రి గర్భగుడిలోకి ఒకసారి చూడాలి. అక్కడి రాముడికి నాలుగు చేతులు. శంఖం, చక్రం, విల్లు, బాణం పట్టి, ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్నాడు. అరణ్యకాండలో ఆ రూపం లేదు. భద్ర మహర్షి కోసం వైకుంఠం నుంచి వచ్చిన రూపమని స్థలపురాణం సర్దిచెప్పింది, జనం చేతులెత్తి మొక్కారు.

అలాగని ప్రేమ ఉన్నవాళ్లంతా దేన్నైనా తీసుకోవచ్చని కాదు. ఇదే అడవుల్లో కోయల డోలీలు డోలు వాయిస్తూ ఇలవేల్పుల కథలు, వంశాల చరిత్రలు పాడతారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోనూ తెలుగులోనూ పాడినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. ఆ కథలకు అచ్చు పుస్తకం ఆధారం కాదు, డోలీల జ్ఞాపకమే ఆధారం. వాళ్లకు కథే ఖజానా. వాళ్ల పాట రికార్డు చేసుకుని, పేరు చెప్పకుండా, పైసా ఇవ్వకుండా సినిమాకో వీడియోకో వాడుకుంటే అది అభిమానం కాదు, దోపిడీ. పారమౌంట్‌కు వకీళ్లున్నారు. డోలీకి ఎవరున్నారు?

స్టార్ ట్రెక్ కూడా ఎందరికో బతుకుతెరువే కదా అనవచ్చు. నిజమే. అందుకే చందాల లెక్క అడగడం ఆ సంస్థలకు న్యాయమే. కానీ నీ ప్రేమ పదిహేను నిమిషాలు మించకూడదనడం న్యాయం కాదు. ఖజానాకు వేయాల్సిన తాళాన్ని వాళ్లు కథకు వేశారు. మన కాపీరైట్ చట్టం రచయిత బతికినన్నాళ్లూ, ఆపైన 60 ఏళ్లూ హక్కు ఇచ్చింది. అమ్మకుండా, కొల్లగొట్టకుండా ప్రేమతో తిరిగి చెప్పుకునేవాళ్లకు అన్నేళ్ల దాకా ఆగక్కర్లేని దారి కూడా ఉండాలి.

ఖమ్మం, కొత్తగూడెం, మణుగూరు కుర్రాళ్లు ఇప్పుడు ఫోన్లతోనే షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. రాముణ్నే అంతరిక్ష నౌక ఎక్కిస్తారో, అంతరిక్ష వీరుణ్ని గోదావరి ఒడ్డున దింపుతారో వాళ్ల ఇష్టం, ధైర్యంగా తీయండి. చందాలు తీసుకుంటే ప్రతి రూపాయికీ లెక్క రాసి ఇచ్చినవాళ్లకు చూపించండి. డోలీ పాట వాడుకోవాలనుకుంటే ముందు ఆ డోలీ ఇంటికి వెళ్లి అడగండి, ఆయన పేరు తెర మీద మొదటే వేయండి, పాటకు డబ్బు చేతిలో పెట్టండి.