అతికినట్లు చూపుట

ఒక కర్మాగారమున చేసిన రైఫిలు పైభాగము మఱియొక కర్మాగారపు క్రిందిభాగముతో అతుకుట నేఁడు అమెరికాలో వింత గాదు. గొట్టము పైదానియందును, మీట క్రిందిదానియందును ఉండఁగా రెండు చీలలు వానిని కలుపును. ఒక్కొక్కప్పుడు అతుకు వదులై కదలును. అయినను కొలతలు ముందే ఒప్పుకొన్నవి గనుక చేరును. ఈ నమ్మకము పుట్టిన తెఱఁగును విచారింపఁగా మాకొక ధర్మసందేహము కలిగినది.

1798లో ఎలై విట్నీ రెండేండ్లలో 10,000 తుపాకుల నిచ్చెదనని అమెరికా ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. గడువు దాటెను. 1801లో ఆడమ్సు, జెఫర్సను చూచుచుండఁగా, నిప్పు పుట్టించు యంత్రములు పెక్కింటిలో చేతికందినదానిని తీసి, ఒకే తుపాకికి బిగించి చూపెను. పెద్దలు మెచ్చిరి, గడువు పెంచిరి. తుపాకులన్నియు ముట్టినది 1809లో! మిగిలియున్న వానిని తరువాతి పండితులు విప్పి చూడఁగా ఒకదాని ముక్కలు వేఱొకదానికి సరిపడలేదు. ఏ ముక్క ఏ తుపాకిదో తెలుపు గుర్తులును కొన్నిటిమీఁద నుండెను.

విట్నీ అసత్యమాడెనా? నోట ఆడెనని మేము చెప్పఁజాలము. ఆయన చూపినది జరిగినదే. చూచినవారు గ్రహించినది మాత్రము జరుగలేదు. ఆ భేదమును ఆయన యెఱుఁగఁడని మాకు తోఁపదు. హార్పర్సుఫెర్రీలో హాలు ఆ మాటను నిజము చేసెను గదా యని మిత్రుఁడొకఁడు వాదించెను. నిజమే. అక్కడ 1826-27లో పరీక్షకులు తుపాకులను విప్పించి, ముక్కలను కలగలిపించి, తిరిగి కూర్పించి చూచిరి. అది విట్నీకి సాక్ష్యమగుట యెట్లు?

అయినను పరీక్షాధికారి వచ్చిననాఁడు పాఠము కంఠస్థమైన బాలునే లేపి నిలుపు ఉపాధ్యాయులము. ఆయనపై తీర్పు చెప్పుటకు కొంత జంకుచున్నాము.