దీపము పట్టువారెవరు?

విద్యార్థి దశలోనే వివాహమాడిన దంపతులు బ్రహ్మచర్యాశ్రమమును, గృహస్థాశ్రమమును ఒకే గదిలో నడపవలసియుందురు. పరీక్ష ఇరువురికిని కలదు. వంటపని మాత్రము ఒకరిదే యగుచున్నది. పుస్తకము మూసి లేవవలసినవారెవరు?

మిథిలకు చెందిన వాచస్పతిమిశ్రుడు (9–10 శతాబ్దులు) శంకర భగవత్పాదుల బ్రహ్మసూత్రభాష్యమునకు వ్యాఖ్య రచించుచుండగా, ఏండ్ల తరబడి ఆయన సహధర్మచారిణి దీపము కొండెక్కకుండ కాచినదని ఐతిహ్యము. గ్రంథము ముగిసిన పిదపనే ఆయన ఆమెను తేరిపార జూచెనట. కృతజ్ఞతతో ఆ గ్రంథమునకు ‘భామతి’ యని ఆమె పేరే యిడెనట.

ఈ కథ విని మనము భామతి త్యాగమును కొనియాడుదుము. అందలి హెచ్చరికను గ్రహింపము. బ్రహ్మవిచారమున మునిగిన మహాపండితునకును ప్రక్కనున్నవారు కానరాకపోవచ్చును. ఇక సామాన్యుల మాట చెప్పవలెనా?

తానై యిచ్చినది త్యాగము. హక్కుగా పుచ్చుకొన్నది స్వార్థము. భర్తకు పరీక్ష దగ్గరపడిన రాత్రి భార్య అంట్లు తోముట సేవయే. కాని ఆమె పరీక్షనాడు అతడు పొయ్యి వెలిగింపనిచో, ఆ సేవను అతడు అపహరించినట్లే. అట్టివానికి పట్టము దక్కవచ్చును, విద్య దక్కదు. ఏలయన, తనవలె ఎదుటివారిని చూడగలుగుటయే విద్యకు ఫలము.

దీపము చేతులు మారుచుండవలెను. అట్టి గృహమున అంట్లు తోముటయు స్వాధ్యాయమే యగును.